గాజుపోగు, కరెంటు స్తంభము

పట్టణవీధిలో నడచువాడు తలయెత్తి కరెంటు స్తంభమును పరికించుట అరుదు. కాకులు వ్రాలుటకును, గాలిపటములు చిక్కుకొనుటకును, ఎన్నికలనాడు జెండాలు కట్టుటకును పనికివచ్చు వస్తువుగానే అది మన దృష్టికి ఆనుచుండును. అయినను ఒక నగరములోనికి క్రొత్త ఇంటర్నెట్ వచ్చుటయో రాకపోవుటయో చాలవరకు ఆ స్తంభము మీదనే నిర్ణయమగుననియు, అచ్చట తీగకును తీగకును నడుమ జానెడు చోటు కొరకు మహాసంస్థలు న్యాయస్థానముల మెట్లెక్కిన దినములు కలవనియు చెప్పినచో మొదట నమ్మబుద్ధి కాదు. ఈ అధ్యాయమున రెండు కథలు కలసి నడచును. వెలుతురును గాజులో బంధించి దూరదేశములకు పంపిన శాస్త్రజ్ఞుల కథ యొకటి. ఆ గాజును ఇంటిగడపకు చేర్చుటకు పాటుపడిన నగరముల కథ మరియొకటి. మొదటి కథలో చిక్కు విప్పిన ఆలోచనయే రెండవ కథకును తాళపుచెవి యగుట ఇందలి విశేషము.

కుండ చిల్లునుండి వంగి జారు నీటిధారలోనికి వెలుతురును ప్రసరింపజేసినచో, అది ధారను విడువక దానితోపాటు వంగి పోవునని 1840 దశాబ్ది ఆరంభమున జెనీవాలో డానియల్ కొలాడాన్ చూపెను. 1854లో జాన్ టిండాల్ లండనులో అట్టి ప్రయోగమునే సభాసదుల యెదుట ప్రదర్శించెను. సాంద్రమైన యానకములో పోవుచున్న కిరణము, విరళమైన యానకపు సరిహద్దును మిక్కిలి ఏటవాలుగా తాకినపుడు, వెలుపలికి పోజాలక మరల లోపలికే మరలుట దీనికి కారణము. భౌతికశాస్త్రమున దీనిని సంపూర్ణాంతర పరావర్తన మందురు. నేటి గాజుపోగు ఈ సూత్రమునకు సన్నని రూపము. పోగు మొత్తము మందము 125 మైక్రోమీటర్లు; అందు వెలుతురు నడచు నడిమి కండె 9 మైక్రోమీటర్లు, అనగా తలవెంట్రుకలో సుమారు పదవవంతు. కండెను చుట్టియున్న గాజుకు వక్రీభవన గుణకము స్వల్పముగా తక్కువగుటచే, లోనికి చొచ్చిన వెలుతురు కొననుండి కొనకు ఆ కండెనే ఆశ్రయించి పోవును.

సూత్రము తెలిసినంతమాత్రమున పని నెరవేరలేదు. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, లండను ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్‌కిన్స్‌తో కలసి, గాజుపోగులను కట్టగట్టి వాని గుండా బొమ్మను ఒక కొననుండి మరియొక కొనకు చేర్చి, ఆ ఫలితమును 1954లో నేచర్ పత్రికలో ప్రకటించెను. రోగి కడుపులోనికి తొంగిచూచుటకు వైద్యులకు ఆ విద్య అక్కరకు వచ్చినది. కాని కడుపు జానెడు దూరము. పట్టణములు యోజనముల దూరము. నాటి మేలిరకపు గాజులో వెలుతురు కిలోమీటరునకు సుమారు 1000 డెసిబెల్‌ల మేర క్షీణించుచుండెను. పది డెసిబెల్‌లు తగ్గుట యనగా పదింట ఒకవంతు మిగులుట. ఇరువది తగ్గుట యనగా నూరింట ఒకవంతు మిగులుట. ఆ లెక్కను వేయి వరకు పెంచినచో, సూర్యుడు ఒక్క సెకనులో వెదజల్లు వెలుతురునంతయు ఒక కొసన పోసినను, కిలోమీటరు దూరమున రెండవ కొసకు ఒక్క కాంతికణమైనను చేరదు. ఇట్టి వస్తువుతో టెలిఫోను సంభాషణలు నడపుదమనుట పగటికల యని పలువురు తోసిపుచ్చుటలో వింత లేదు.

ఇంగ్లండులోని హార్లో పట్టణమున స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ ప్రయోగశాలలో పనిచేయుచుండిన చార్లెస్ కావ్, సహచరుడు జార్జి హాకమ్‌తో కూడి, 1966లో ఈ చిక్కును వేరొక వైపునుండి పరిశీలించెను. గాజు వెలుతురును మ్రింగుచున్నమాట నిజమే. కాని మ్రింగుచున్నది గాజా, గాజులో కలసియున్న మాలిన్యమా? ఇనుము మొదలగు లోహముల అయానులు రవ్వంత యున్నను వెలుతురును హరించుననియు, వానిని తొలగింపగలిగినచో క్షీణత కిలోమీటరునకు 20 డెసిబెల్‌ల లోపునకు దిగుననియు, ఆ మాత్రము దిగినచో గాజు రాగితీగకు దీటుగా నిలుచుననియు అతడు లెక్క గట్టెను. నాలుగేండ్లకు, 1970లో, అమెరికాలోని కార్నింగ్ గాజుసంస్థకు చెందిన రాబర్ట్ మౌరర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ అను మువ్వురు 17 డెసిబెల్‌ల పోగును తీసిరి. నేటి పోగులో క్షీణత కిలోమీటరునకు 0.2 డెసిబెల్ మాత్రమే. నూరవవంతు వెలుతురు మిగులుట అను హద్దును కావ్ ఒక కిలోమీటరునకు కోరగా, ఇప్పుడది నూరు కిలోమీటర్లకు దక్కినది. 2009లో అతనికి నోబెల్ బహుమానములో సగభాగము లభించెను. దోషము గాజుది కాదు, దానిలోని మురికిది యని గుర్తించిన ఆ చూపును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను; దానితో మనకు మరల పని కలుగును.

ఇచట ఒక అపోహను తొలగించుట అవసరము. గాజులో సంకేతము వేగముగా పరుగెత్తుననియు, రాగిలో మెల్లగా నడచుననియు లోకులు తలచుచుందురు. గాజులో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. రాగికేబులులో విద్యుత్సంకేతపు వేగమును ఇంచుమించు అదే శ్రేణిలోనిది. తేడా యంతయు బాట వెడల్పులో కలదు. రాగిజంటలో సంకేతపు పౌనఃపున్యము హెచ్చినకొలది క్షీణత హెచ్చుటచే, టెలిఫోన్ కేంద్రమునకు ఒకటి రెండు కిలోమీటర్లు దాటిన యింటికి మిగులునది సన్నని కాలిబాట. టీవీ కేబులులోని బాట అంతకన్న వెడల్పయ్యు పేటలోని యిండ్లన్నియు దానిని పంచుకొనవలసియుండును. గాజులో మాత్రము వెలుతురు డోలనములు సెకనుకు కోటికోట్లకు మించి యుండుటచే, దానిపై ఎంత సమాచారమును మోపినను ఇంకను చోటు మిగిలియుండును.

ఆ గాజు నగరములో ఇంటింటికి పంచబడు విధము ముచ్చటైనది. కేంద్రమునుండి బయలుదేరిన ఒక పోగు పేట మొగలో చిన్న పెట్టెలోనికి వచ్చి, కరెంటు అక్కరలేని గాజు విభాజకము ద్వారా సాధారణముగా 32 శాఖలుగా చీలును. కేంద్రమునుండి వచ్చు సమాచారము 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున అన్ని యిండ్లకును సమానముగా చేరును. రచ్చబండ వద్ద తపాలా బంట్రోతు అందరి ఉత్తరములను బిగ్గరగా పిలిచినపుడు ఎవరిది వారందుకొన్నట్లు, ప్రతి యింటి పెట్టెయు తనకు చెందిన భాగమునే గ్రహించును, తక్కినది గూఢలిపిలో నుండుటచే దానికి బోధపడదు. ఇండ్లనుండి వెడలు సమాచారము 1310 నానోమీటర్లపై పోవును. అన్నియు ఒక్కసారి పలికినచో గందరగోళమగును గనుక, చెరువునీటికి రైతులు వంతులు వేసికొన్నట్లు, సెకనులో అత్యల్పభాగములను వంతులవారీగా పంచుకొనును. జీపాన్ అను పేర ప్రసిద్ధమైన ఈ పద్ధతిలో ఒక్క పోగు దిగువకు సెకనుకు 2.488 గిగాబిట్‌లు, ఎగువకు 1.244 గిగాబిట్‌లు మోయును.

శాస్త్రము ఇంతదూరము వచ్చిన పిమ్మటను, 2010 నాటికి అమెరికా నగరములలో అధికసంఖ్యాకులకు ఇంటర్నెట్ నిచ్చునది పాత టెలిఫోన్ కంపెనీ లేదా పాత కేబుల్ టీవీ కంపెనీ. ఈ రెంటిని కాదనువారికి మూడవ దారి లేకుండెను. ఆ యేడు ఫిబ్రవరిలో గూగుల్ సంస్థ, కొన్ని ప్రాంతములను ఎన్నుకొని అచ్చటి యిండ్లకు సెకనుకు ఒక గిగాబిట్ సామర్థ్యము గల గాజుపోగులను వేయుదునని ప్రకటించినంతనే, సుమారు 1100 ఊళ్ళు మాకు మాకని దరఖాస్తులు పెట్టినవి. కాన్సస్ రాష్ట్రపు రాజధాని టొపీకా ఒక నెలపాటు తన పేరునే గూగుల్ అని మార్చుకొనెను. ఏప్రిల్ ఒకటవ తేదీన గూగుల్ తన ముఖపుటపై టొపీకా యని పేరు పెట్టుకొని ఆ మర్యాదకు బదులు తీర్చుకొనెను. పెండ్లికూతురు మాత్రము వేరొకతె. 2011 మార్చి 30వ తేదీన గూగుల్ వరించినది కాన్సస్ రాష్ట్రములోని కాన్సస్ సిటీని. రాష్ట్రసరిహద్దుకు ఆవలనున్న అదే పేరుగల మిస్సోరి నగరమును తరువాత చేర్చుకొనిరి. ఆ యెంపికలో స్తంభముల పాత్ర స్వల్పము కాదు: కాన్సస్ వైపు నగరమున విద్యుత్తు సరఫరా చేయునది పురపాలకమునకు చెందిన సంస్థయే గనుక, స్తంభముల యజమానితోను నగరపాలకులతోను సంప్రదింపు ఒకేచోట జరుగుటకు వీలుండెను. అయినను తీగను స్తంభముపై ఏ భాగమున కట్టవలెనను చర్చతోనే కొన్ని నెలలు గడచినవి.

2012 జూలై 26వ తేదీన ధరలు వెల్లడియైనవి. గిగాబిట్ ఇంటర్నెట్ నెలకు 70 డాలర్లు. టీవీతో కూడ 120 డాలర్లు. 300 డాలర్లు ఒక్కమారు చెల్లించినవారికి అటుపై నెలరుసుము లేకుండ 5 మెగాబిట్‌ల సేవ. అంతకన్న నూతనమైనది తీగ వేయు క్రమము. నగరములను 202 పేటలుగా విభజించి, ఒక్కొక్క పేటలో నిర్ణీతసంఖ్యలో గృహస్థులు పది డాలర్లు కట్టి నమోదు చేసికొన్నప్పుడే అచ్చట పని ఆరంభింతుమనిరి. పేట అర్హత పొందినచో అందలి బడులకును గ్రంథాలయములకును ఉచితముగా గిగాబిట్ దక్కును. పొందనిచో బడికిని లేదు. ఈ నియమము వ్యాపారదృష్టితో చూచిన మిక్కిలి తెలివైనది. సంఘదృష్టితో చూచిన పాతగాయమును కెలికినది. కాన్సస్ సిటీలో ట్రూస్ట్ అవెన్యూ అను వీధి, తెల్లవారి పేటలకును నల్లవారి పేటలకును తరతరములుగా హద్దుగా నున్నది. నమోదులు సాగుచుండగా ఆ వీధికి పడమటనున్న పేటలు చకచక అర్హత పొందుటయు, తూర్పుననున్నవి వెనుకబడుటయు పటము చూచిన ప్రతివానికిని కన్నులకు కట్టెను. స్వచ్ఛందసేవకులును సంస్థ ఉద్యోగులును ఇంటింటికి తిరిగి ప్రచారము చేసిన పిమ్మట, సెప్టెంబరులో గడువు ముగియునప్పటికి 202 పేటలలో 180 గట్టెక్కినవి. గాజుపోగునకు జాతిభేదము తెలియదు; దానిని వేయు క్రమములో మాత్రము ఊరి చరిత్ర అంతయు వచ్చి కూర్చుండును.

పాత సంస్థలు ఈ క్రొత్త అతిథిని ఎట్లు ఎదుర్కొన్నవి? 2013 ఫిబ్రవరిలో టైమ్ వార్నర్ కేబుల్ ఆర్థికాధికారిణి, గృహస్థులకు గిగాబిట్ అక్కర యున్నట్లు తమకు తోచుటలేదని చెప్పెను. రెండు నెలలు తిరుగకముందే, ఏప్రిల్ 9వ తేదీన, గూగుల్ టెక్సస్‌లోని ఆస్టిన్ నగరమునకు వచ్చుచున్నట్లు ప్రకటించగా, అదేదినమున ఏటీ అండ్ టీ అను టెలిఫోన్ సంస్థ తానును ఆస్టిన్‌లో గిగాబిట్ జాలమును నిర్మింతునని ప్రకటించెను. ఆ యేడు డిసెంబరులో ఆ సేవ మొదలైనపుడు ధర 70 డాలర్లు. కాని ఆ ధర, వాడుకరి ఏయే పుటలు చూచుచున్నాడో గమనించుటకు సంస్థకు సమ్మతి నిచ్చినవారికే. ఇష్టపడనివారు 99 డాలర్లు చెల్లింపవలసియుండెను. మనిషి ఏకాంతమునకు నెలకు 29 డాలర్లని వెలకట్టిన అరుదైన సందర్భమిది.

టైమ్ వార్నర్ చేసినది శాస్త్రదృష్టితో మరింత ఆసక్తికరము. 2014లో ఆ సంస్థ ఆస్టిన్ నగరమున 50 మెగాబిట్‌లు పొందుచున్నవారికి అదనపు రుసుము లేకయే 300 మెగాబిట్‌ల వరకు ఇత్తునని ప్రకటించెను. ఇంటింటికి పోవు రాగికేబులును మార్చకుండ ఇది యెట్లు సాధ్యమయ్యెను? ఆ కేబులులో పాతపద్ధతి టీవీ చానళ్ళు ఒక్కొక్కటి 6 మెగాహెర్ట్‌జ్‌ల చోటును ఆక్రమించుకొని యుండెను. అంతటి చోటిలోనే డిజిటల్ సంకేతము సెకనుకు సుమారు 38 మెగాబిట్‌లు మోయగలదు. ఎనిమిది చోట్లను జోడించినచో 300 దాటును. ఇట్లు చానళ్ళను జోడించు ప్రమాణము 2006లోనే వెలువడినది. కావలసినది పాత చానళ్ళను డిజిటల్ పద్ధతికి మార్చి చోటు ఖాళీ చేయుటయే. ఆ పని చేయవలసిన తొందర ప్రత్యర్థి వచ్చువరకు ఎవరికిని కలుగలేదు. కావ్ గాజును గూర్చి అడిగిన ప్రశ్ననే ఇచ్చటను అడుగవచ్చును: మందగమనము కేబులుదా, కేబులును ఆక్రమించుకొన్న అలవాటుదా?

ఇక స్తంభము వద్దకు వత్తము. అమెరికా వీధిస్తంభమునకు ఒక కులక్రమము కలదు. శిఖరమున విద్యుత్తీగలు, వాని దిగువ కార్మికుల ప్రాణరక్షణకై 40 అంగుళముల ఖాళీచోటు, ఆ క్రింద కేబుల్ టీవీ తీగ, అన్నిటికన్న దిగువ టెలిఫోను తీగ. క్రొత్తవాడు తన పోగును కట్టవలెనన్నచో ముందున్న తీగలు కొన్ని అంగుళములు పైకో క్రిందికో జరుగవలెను. ఎవరి తీగను వారి మనుషులే జరుపవలెనను నియమముండుటచే, ఒక సంస్థ ముఠా వచ్చి తన తీగ సర్ది పోయిన తరువాత రెండవ సంస్థ ముఠా వచ్చుటయు, అది పోయినపిమ్మట మూడవది వచ్చుటయు, నెలలకు నెలలు దొర్లిపోవుటయు జరుగుచుండెను. జరుపవలసినవాడే రానున్నవానికి ప్రత్యర్థి యగుట ఇందలి గమ్మత్తు. టెనెసీ రాష్ట్రపు నాష్‌విల్ నగరమున తనకు 88,000 స్తంభములు కావలెననియు, వానిలో 44,000కు పైగా ఇట్టి సర్దుబాటు అవసరమనియు, అప్పటికి సిద్ధమైనవి 33 మాత్రమేననియు 2016లో గూగుల్ వెల్లడించెను. ఒకే ముఠా ఒకేమారు స్తంభమెక్కి అందరి తీగలను సర్దవచ్చునని నగరసభ ఆ యేడే శాసనము చేసెను. ఏటీ అండ్ టీయు, కామ్‌కాస్ట్ అను కేబుల్ సంస్థయు దానిపై వ్యాజ్యము వేయగా, 2017 నవంబరులో న్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేసెను. కెంటకీ రాష్ట్రపు లూయీవిల్ నగరమున అట్టి శాసనమే వ్యాజ్యమునెదిరించి నిలిచెను. తుదకు 2018 ఆగస్టులో దేశపు సమాచారరంగ నియంత్రణసంస్థయైన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఈ ఒక్కమారు పద్ధతిని తన అధికారపరిధిలోని స్తంభములకు వర్తింపజేసెను.

స్తంభములతో విసిగినవారు నేలను ఆశ్రయింపజూచిరి. లూయీవిల్‌లో గూగుల్, లోతుగా త్రవ్వుటకు మారు, రోడ్డుపై రెండంగుళముల లోతున సన్నని గాటుపెట్టి, పోగును పరచి, పైన రబ్బరువంటి లప్పమును పూసెను. బండ్లు తిరుగుటయు ఎండవానలు తగులుటయు జరుగగా ఆ లప్పము ఊడి, కేబుళ్ళు రోడ్డుపైకి తేలినవి. 2019 ఏప్రిల్ 15వ తేదీన ఆ నగరమున సేవను నిలిపివేసి, రోడ్ల మరమ్మతు నిమిత్తము 38.4 లక్షల డాలర్లు చెల్లించుటకు సంస్థ ఒప్పుకొనెను. అంతకుముందే, 2016 అక్టోబరులో, పలు నగరములలో విస్తరణను అది ఆపియుండెను. కొన్నేండ్లకు మరల మొదలుపెట్టినను, దేశమంతటిని గాజుతో అల్లుననిన తొలినాటి ఊహలు మాత్రము సన్నగిల్లినవి.

నాష్‌విల్ ఉన్న టెనెసీ రాష్ట్రములోనే చట్టనూగా యను చిన్న నగరము కలదు. 1935లో స్థాపితమైన అచ్చటి పురపాలక విద్యుత్సంస్థ, కరెంటు అంతరాయములను తనంతట తానే చక్కదిద్దుకొను జాలమును నిర్మింపనెంచి, 2009లో సమాఖ్య ప్రభుత్వమునుండి 11.15 కోట్ల డాలర్ల గ్రాంటు పొంది, తన స్తంభములపై తన గాజునే కట్టుకొని, 2010 సెప్టెంబరు నాటికే గిగాబిట్ ఇంటర్నెట్‌ను అమ్ముచుండెను. ఆరంభమున నెలకు 350 డాలర్లున్న ధరను 2013లో సుమారు 70కి తగ్గించెను. దానిపైనను కామ్‌కాస్ట్ వ్యాజ్యము వేసియుండెను. తన విద్యుత్పరిధిని దాటి పొరుగుపల్లెలకు ఇంటర్నెట్ నిచ్చుటకు రాష్ట్రశాసనము అడ్డువచ్చెను. 2016లో సమాఖ్య న్యాయస్థానమును ఆ అడ్డంకినే సమర్థించెను. కాని నగరములో నున్న స్తంభము కొరకు మాత్రము అది ఎవ్వరిని బతిమాలవలసిన పని లేకపోయెను.

చట్టనూగా కథ చదివిన ఆంధ్రులకు తమ యూరి కథ జ్ఞప్తికి రాకమానదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము భూమిని త్రవ్వక, విద్యుత్పంపిణీ సంస్థల స్తంభముల మీదుగానే దాదాపు 24,000 కిలోమీటర్ల గాజుకేబులును లాగి, ఇంటర్నెట్, టీవీ, టెలిఫోన్ మూడింటిని ఆరంభమున నెలకు 149 రూపాయలనుండి ఇచ్చిన ఫైబర్‌నెట్ పథకమును నిర్మించెను. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని జాతికి అంకితము చేసెను. అంతవరకు ఊరూర డిష్ కనెక్షన్లు ఇచ్చుచుండిన కేబుల్ ఆపరేటర్లను ప్రత్యర్థులుగా త్రోయక, చివరి తీగను ఇంటికి చేర్చు పనివారినిగా చేర్చుకొనుట అందలి మెలకువ. అదేయేడు మార్చిలో హైదరాబాదున ఒక ప్రైవేటు సంస్థయైన యాక్ట్ గిగాబిట్ సేవను ఆరంభించెను. 2019 సెప్టెంబరులో జియో ఫైబర్ రంగప్రవేశము చేసెను. మన నగరములలో స్తంభము కొరకు వ్యాజ్యములు వేసికొనుటకన్న, అడుగకయే తీగ తగిలించి పోవుట వాడుక. ఆ చొరవ వలన ఇంటర్నెట్ త్వరగా వచ్చినది, స్తంభమునకు జడలు కట్టినది, ఎవరిదో తెలియని తెగినతీగ బాటసారి మెడయెత్తున వ్రేలాడుచున్నది.

కావ్ గాజును నిందింపక, దానిలోని ఇనుమును వెదకెను. ఇంటికి చేరు ఇంటర్నెట్ మందగించినపుడు మనమును అట్లే వెదకవలసియుండును. కొన్నిచోట్ల అది నిజముగా పాత రాగియే కావచ్చును, కొన్నిచోట్ల ఖాళీ చేయని చానలు, మరికొన్నిచోట్ల సర్దుటకు రాని ముఠా, వేరొకచోట రెండంగుళముల గాటు. రేపు వీధిలోనికి వెళ్ళినపుడు పాఠకుడు ఒక్కమారు తలయెత్తి తన యింటి ముందటి స్తంభమును చూచునుగాక. దానిపై ఎన్ని తీగలున్నవో లెక్కించి, ఏ తీగ ఎవరిదో, స్తంభమెవరిదో, క్రొత్తవాడు వచ్చి మరియొక తీగ కట్టవలెనన్న ఎవరి అనుమతి కావలెనో విచారించినచో, తాను నెలనెల చెల్లించు ఇంటర్నెట్ బిల్లులోని అంకె ఎచ్చటనుండి వచ్చినదో అతనికి కొంత బోధపడును.